పెట్టని చెయ్యి

"పిల్లల్ని తీసుకుని కొండల్లోకి వెళ్దామనుకుంటున్నాం. ఎస్టెస్ పార్కులో ఏమేం చెయ్యొచ్చు?" అని ప్రతి వేసవిలోనూ ఎవరో ఒకరు ఫోన్ చేసి అడుగుతారు. డెన్వర్ దగ్గర కాపురం పెట్టి పధ్నాలుగేళ్ళయింది కాబట్టి ఆ ప్రశ్నకి నా దగ్గర ఒక జవాబు ఎప్పుడూ తయారుగా ఉంటుంది.

"డెన్వర్ నుంచి డెబ్భై మైళ్ళు. ఊరే 7,522 అడుగుల ఎత్తున ఉంది కాబట్టి మొదటిరోజు పిల్లల్ని ఇంకా పైకి ఎక్కించకండి. నీళ్ళు బాగా తాగించండి, లేకపోతే తలనొప్పులొస్తాయి. స్ప్రేగ్ లేక్ చుట్టూ ముప్పావు మైలు నడక ఉంది, నేల చదును, స్ట్రోలరు కూడా పోతుంది. అల్యూవియల్ ఫ్యాన్ దగ్గర బండల మీద కూర్చోబెట్టి నీళ్ళలో కాళ్ళు పెట్టనివ్వండి. ఆ బండలు 1982 జులై 15న పైన లాన్ లేక్ కట్ట తెగినప్పుడు వరదలో దొర్లి వచ్చినవి. ఆ వరదలో ముగ్గురు పోయారు, అది కూడా పిల్లలకి చెప్పండి. ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు మీదకి పొద్దున్నే వెళ్ళి, మధ్యాహ్నం ఉరుములు మొదలయ్యేలోపు దిగిపోండి. సాయంత్రం ఊళ్ళో టాఫీ కొనిపెట్టండి."

మొన్న జులైలో మా అమ్మని వెంటబెట్టుకుని వెళ్ళొచ్చిన దగ్గర్నుంచి మాత్రం, ఈ జవాబు చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోతున్నాను. ఎందుకాగుతున్నానో చెప్పుకుందామనే ఈ నాలుగు మాటలూ.

మా అమ్మది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. నాన్న పోయాక నా దగ్గరికి రావటం అదే మొదటిసారి. అప్పటికి వచ్చి అయిదు వారాలయింది. అమ్మకి కొండ అంటే కోటప్పకొండ. ఆ మాటకొస్తే మనలో చాలామందికి కొండ ఎక్కటమంటే దర్శనానికి వెళ్ళటమే. తిరుమల కానీండి, శ్రీశైలం కానీండి, పైన దేవుడుంటాడు, కింద మొక్కు ఉంటుంది, మధ్యలో పులిహోర ఉంటుంది. పులిహోర మా వ్యానులోనూ ఉంది. "ఇంత దూరం ఎక్కుతున్నాం కదరా, పైన ఏ దేవుడున్నాడు?" అని అమ్మ అడిగింది. "ఎవరూ లేరమ్మా, ఊరికే కొండలు చూట్టానికి" అన్నాను. "ఊరికేనా!" అని ఊరుకుంది.

రెండో రోజు పొద్దున హిడెన్ వ్యాలీ దగ్గర ఆగాం. ఒకప్పుడు అక్కడ స్కీయింగు జరిగేది. 1991లో అది మూతపడింది. ఇప్పుడు వేసవిలో పిల్లలకి జూనియర్ రేంజర్ కార్యక్రమం జరుగుతుంది. ఒక పుస్తకం ఇస్తారు, అందులో బొమ్మలూ ప్రశ్నలూ ఉంటాయి. అవి పూర్తిచేసి చూపిస్తే రేంజరు పిల్లల చేత కుడిచెయ్యి ఎత్తించి ప్రమాణం చేయించి, బ్యాడ్జీ ఇస్తారు. మా తొమ్మిదేళ్ళ అమ్మాయి ముందురోజు రాత్రంతా కూర్చుని పుస్తకం నింపింది. అడవి జంతువులకి తిండి పెట్టననీ, దగ్గరికి వెళ్ళననీ గట్టిగా ప్రమాణం చేసింది. జంతువుకి ఎంత దూరంలో ఉండాలో తెలుసుకునే కిటుకు కూడా నేర్చుకుంది. చెయ్యి చాపి, ఒక కన్ను మూసి, బొటనవేలు అడ్డం పెడితే జంతువు మొత్తం వేలి వెనక దాగాలి. దాగకపోతే మనం మరీ దగ్గరున్నట్టు. అయిదేళ్ళ తమ్ముడి మీద ఆ వేలు చాలాసార్లు ప్రయోగించింది.

అక్కడికి ఓ గంట తర్వాత, 10,829 అడుగుల ఎత్తున రెయిన్‌బో కర్వ్ అనే మలుపు దగ్గర కారాపాం. రాతి గోడ మీద చిప్మంకులు అటూ ఇటూ పరుగెడుతున్నాయి. మన ఉడతకి పినతల్లి బిడ్డల్లా ఉంటాయి. "చారలు చూడరా, మన రాములవారి ఉడతే!" అంది అమ్మ. నేను ఫోటోల గొడవలో ఉన్నాను. తిరిగి చూసేసరికి అమ్మ గోడ పక్కన వంగి నిలబడి ఉంది. అరచేతిలో రెండు వేయించిన వేరుశనగ గింజలు. ఓ చిప్మంకు ఆ చేతి మీదకెక్కి, రెండు కాళ్ళ మీద లేచి, ఒక గింజ బుగ్గలో కుక్కుకుంటోంది. అయిదు వారాల్లో అమ్మ మొహంలో అంత వెలుగు నేను చూడలేదు.

"నో! నానమ్మా, నో! పెట్టకూడదు!" అని మా అమ్మాయి అరిచింది. చుట్టూ ఉన్న నలుగురూ ఇటు తిరిగారు. అమ్మ గబుక్కున గుప్పిట మూసేసింది. తప్పుచేసి దొరికిపోయిన చిన్నపిల్లలా చెయ్యి కొంగు కింద దాచుకుంది. నేను దగ్గరికెళ్ళి అన్న మొదటి మాట ఇది: "ఫైన్ వేస్తారమ్మా ఇక్కడ!"

ఈ మాట గురించే నాకు ఇప్పటికీ సిగ్గు. అమ్మ చేసింది తప్పనుకోండి. తప్పని నాకు అనిపించటానికి కారణం ఏమిటి? జరిమానా భయం. దానికి వెనక ఇంకోటి ఉంది: ఆ నలుగురి చూపూ. "చూడు, వీళ్ళు వచ్చి మన పార్కుని ఏం చేస్తున్నారో" అనుకుంటారేమోనన్న బెదురు. పరాయి దేశంలో బతికేవాళ్ళకి ఇది తెలియని సంగతి కాదు. చిప్మంకు మంచి చెడ్డలు మూడో కారణంగా కూడా నా మనసులో లేవు. ఉన్నది మా అమ్మాయి మనసులో. ఆ పిల్ల జరిమానాకి భయపడి అరవలేదు, చిప్మంకు కోసం అరిచింది. కాని ఆ అరుపు తగిలింది మాత్రం నానమ్మకి.

అయితే అమ్మ చేసింది తప్పేనా? ఇది చిన్న ప్రశ్న కాదు. మనం పెరిగింది పెట్టటమే ధర్మం అనే ఇళ్ళల్లో. ఎంగిలిచేత్తో కాకిని తోలనివాడంటే అంతకంటే పిసినారి లేడని మన సామెత. వాకిట్లో బియ్యప్పిండితో ముగ్గేస్తే చీమలకి ఆహారం అని చెప్పి వేయించారు. కొత్త పంట ఇంటికొస్తే వరికంకుల కుచ్చు చూరుకి కట్టేవాళ్ళం పిచ్చుకల కోసం. అలాంటి ఇంట్లో పుట్టిన మనిషి అరచేతిలో రెండు గింజలు పెట్టుకుని చెయ్యి చాపితే, ఆ చేతిని నేరస్థుడి చెయ్యి అనటానికి నోరెలా వస్తుంది?

కాని పార్కు వాళ్ళు చెప్పేదీ ఊరికే కాదు. చిప్మంకు వేసవంతా గింజలు ఏరి బొరియలో దాచుకుంటుంది. చలికాలంలో లోపల పడుకుని, మధ్యమధ్య లేచి ఆ గింజలు తింటుంది. రోడ్డు పక్కన చేతుల కోసం ఎదురుచూడటానికి అలవాటు పడ్డది తన తిండి తాను వెతుక్కోవటం తగ్గిస్తుంది, కార్ల కింద పడుతుంది, మనుషుల్ని కరుస్తుంది. అక్కడే తిరిగే క్లార్క్స్ నట్‌క్రాకర్ అనే బూడిదరంగు పక్షి లింబర్ పైన్ చెట్టు గింజల్ని తీసి నేలలో దాచుకుంటుంది. అది మరిచిపోయిన గింజలే మొలిచి మొక్కలవుతాయి. అంటే ఆ పక్షి తన పని తాను చేసుకుంటేనే కొండ మీద చెట్టు నిలుస్తుంది. ఎలుగుబంటి సంగతి ఇంకా ఘోరం. మనిషి తిండి రుచి మరిగి ఇళ్ళమీదకీ టెంట్లమీదకీ వచ్చేదాన్ని చాలాసార్లు చివరికి చంపేయవలసి వస్తుంది. పెట్టినవాడు ఫోటో తీసుకుని వెళ్ళిపోతాడు, శిక్ష తిన్నదానికి.

ఇదేదో తెల్లవాళ్ళకి పుట్టుకతో వచ్చిన జ్ఞానం అనుకోవక్కర్లేదు. ఎల్లోస్టోన్ పార్కులో చెత్తకుప్పల దగ్గర మెట్లమెట్లుగా బల్లలు వేయించి, ఎలుగుబంట్లు ఎంగిలి తిండి తింటుంటే జనానికి చూపించిన రోజులున్నాయి. ఆ ప్రదర్శనలు రెండో ప్రపంచయుద్ధం నాటికి ఆగిపోయాయి. చెత్తకుప్పలు పూర్తిగా మూసింది మాత్రం 1970 ప్రాంతంలో. వాళ్ళూ పెట్టీ పెట్టీ, నష్టం చూసీ చూసీ నేర్చుకున్నారు.

మరి ముగ్గుపిండి కూడా తప్పేనా? నేను చాలా రోజులు ఆలోచించాను. నాకు తోచిన తేడా ఇది. ఆ వాకిలి ఒకప్పుడు చీమలది. మనం వచ్చి ఇల్లు కట్టుకున్నాం. ఆ పొలం పిచ్చుకలు తిరిగిన నేల. మనం దున్నుకున్నాం. కంకుల కుచ్చు కట్టటం దానం కాదు, వాటా. ముగ్గేసిన మనిషి చీమ వచ్చి కృతజ్ఞతగా చూస్తుందేమోనని గడపలో నిలబడదు, లోపలికెళ్ళి తన పని చూసుకుంటుంది. రెయిన్‌బో కర్వ్ దగ్గర మనకి కావలసింది వేరు. ఆ ప్రాణి మన చేతి మీదకెక్కాలి, మన వంక చూడాలి, మనం మంచివాళ్ళమని మనకి అనిపించాలి. అడవి మొత్తం దాని పళ్ళెమే అయినచోట మన రెండు గింజలు దాని ఆకలి తీర్చటానికి కాదు, మన ఆకలి తీర్చుకోటానికి.

అలాగని చెయ్యి ముడుచుకు కూర్చుంటే ధర్మం పూర్తయిపోతుందని కూడా అనను. పంతొమ్మిదో శతాబ్దం చివరికి ఆ ప్రాంతంలో ఎల్క్ జంతువుల్ని దాదాపు లేకుండా వేటాడేశారు. 1913, 1914ల్లో ఎల్లోస్టోన్ నుంచి కొన్నిటిని తెచ్చి వదిలారు. తోడేళ్ళని మాత్రం అంతకుముందే తుడిచిపెట్టేశారు. తినేవాడు లేక ఎల్క్ మందలు పెరిగి, యాస్పెన్, విల్లో మొక్కల్ని లేవనివ్వకుండా మేసేశాయి. చివరికి 2008 నుంచి పార్కు వాళ్ళే చెట్ల చుట్టూ ఎత్తయిన కంచెలు వేయాల్సి వచ్చింది. ఒకసారి చెడగొట్టాక 'మాకేం సంబంధం' అనటానికి వీల్లేదు. బాగుచెయ్యటానికి చెయ్యి పెట్టాల్సిందే. కాబట్టి ప్రశ్న పెట్టాలా వద్దా అన్నది కాదు. మనం పెట్టే చెయ్యి అవతలి ప్రాణి పనిని దానికి తిరిగి ఇస్తోందా, దాని దగ్గర్నుంచి లాగేసుకుంటోందా అన్నది.

ఇంత తెలివి నాకు నా అంతట వచ్చిందని అనుకోకండి. ఇది అమ్మ మాటల్లోంచి వచ్చింది.

రెయిన్‌బో కర్వ్ దాటాక కార్లో ఎవరూ మాట్లాడలేదు. రాక్ కట్ దగ్గర, పన్నెండు వేల అడుగుల పైన, మళ్ళీ ఆగాం. అక్కడ చెట్లుండవు. నేలకి అతుక్కున్న చిన్నచిన్న పూలమొక్కలు మాత్రమే. వాటిలో కొన్ని మొదటి పువ్వు పూయటానికే పదేళ్ళు పట్టవచ్చు. అందుకే కాలిబాట దిగొద్దని బోర్డులు పెడతారు. మా ఆవిడ పిల్లలతో బాట మీద ముందుకెళ్ళింది. ఆయాసం రాకుండా అమ్మని ఓ రాతి గోడ మీద కూర్చోబెట్టి పక్కన నేను కూర్చున్నాను. ఎదురుగా బండల సందుల్లోంచి పిడికెడంత జంతువొకటి నోటినిండా గడ్డిపరకలతో పరుగెత్తుకొచ్చి, లోపల పెట్టి, మళ్ళీ పరుగెత్తింది. దాన్ని పైకా అంటారు. చలికాలమంతా మెలకువగానే ఉంటుంది, నిద్రపోదు. అందుకని వేసవిలో గడ్డీ పూలూ కోసి, కుప్పపెట్టి ఎండనిచ్చి దాచుకుంటుంది.

ఆ సంగతి చెబితే అమ్మ కాసేపు కళ్ళార్పకుండా చూసింది. "వడియాలు పెట్టుకుంటోందన్నమాట" అంది. కాసేపాగి, "దీనికి మనం గింజలు పెడితే ఈ పని మానేస్తుంది కదా" అంది. ఇంకాసేపాగి కోటప్పకొండ కోతుల సంగతి ఎత్తింది. తన చిన్నప్పుడు దర్శనం చేసుకుని దిగుతూ కొబ్బరిముక్క పెడితే తీసుకుని చెట్టెక్కేవిట. ఇప్పుడు సంచులు లాక్కుంటున్నాయి, ఆడవాళ్ళ మీదకి దూకుతున్నాయి. "కోతులు చెడ్డవి అంటారు. పెట్టి పెట్టి మేమే వాటిని అలా తయారుచేశాం. పిల్ల చెప్పింది నిజమేరా" అంది.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆ రాత్రి క్యాబిన్లో భోజనాలయ్యాక నేను పళ్ళేలు తీస్తుంటే అమ్మ లేవబోయింది. "నువ్వు కూర్చోమ్మా, నేను చూసుకుంటాను" అన్నాను. ప్రతిరోజూ అనే మాటే. అమ్మ నవ్వుతూనే అంది: "నన్నూ ఆ ఉడతలాగే చేస్తున్నారుగా నువ్వూ కోడలూను. అన్నీ చేతికి తెచ్చిపెడతారు. నాకింక ఏరుకోటానికేముంది?"

ఏం సమాధానం చెప్పను? ప్రేమతోనే అన్నాం, ప్రతిసారీ. వంటింట్లో స్టవ్వు కొత్తది, కాల్చుకుంటావు, వద్దు. ఒక్కదానివీ బయటికెళితే దారి తప్పుతావు, వద్దు. బట్టలు మెషిన్ ఉతుకుతుంది, వద్దు. నలభై ఏళ్ళు ఇల్లూ పొలమూ నడిపిన మనిషి మా ఇంట్లో అయిదు వారాలుగా, ఎవరు వస్తారా, ఏం తెస్తారా అని సోఫాలో కూర్చుని గుమ్మం వంక చూస్తోంది. ఆవిడ ఆ చిప్మంకుకి గింజ పెట్టినప్పుడు మొహం ఎందుకు వెలిగిందో అప్పుడు అర్థమైంది. అయిదు వారాల్లో ఆవిడ ఇంకో ప్రాణికి ఉపయోగపడింది ఆ ఒక్క నిమిషమే. అది కూడా మేం తప్పన్నాం.

పిల్లల సంగతి దీనికి దూరమేమీ కాదు. నా జవాబులో ఉన్న మాటలు మళ్ళీ చూడండి: తాగించండి, కూర్చోబెట్టండి, చూపించండి, కొనిపెట్టండి. మూడురోజుల సెలవులో గంటకో కార్యక్రమం. ఇవన్నీ మంచివే, వద్దనను. కాని మా అబ్బాయి ఆ మూడురోజుల్లో ఎక్కువ సంతోషంగా ఉన్నది క్యాబిన్ వెనక పైన్ కాయలు ఏరి వరసలు పేర్చుకున్న గంటలో. ఆ గంట మేం ఏర్పాటు చేసింది కాదు, బుక్ చేసిన టూరుకి ఆలస్యమైతే మిగిలింది. 'బోరు కొడుతోంది' అని పిల్లవాడు అన్న మరుక్షణం మనం చెయ్యి చాపుతాం, ఏదో ఒకటి అందులో పెట్టి. బోరు కొట్టటం కూడా వాడి పనే, దాంట్లోంచి ఏదో ఒకటి వెతుక్కోవటం వాడి గింజ వాడు ఏరుకోవటమే అని మనకి తట్టదు.

మా అమ్మాయితో కూడా మాట్లాడాను. "నువ్వు చెప్పింది రైటే. అంతమందిలో నానమ్మ మీద అరవటం బాగుందా?" అన్నాను. "మెల్లగా చెప్పేలోపు అది తినేస్తుంది కదా నాన్నా?" అంది. దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. చిప్మంకుకి జరిగే కీడూ నిజమే, ముసలావిడ మనసుకి తగిలిన దెబ్బా నిజమే. ఒక్క క్షణంలో రెంటినీ కాపాడే మాట ఉందేమో, నాకు దొరకలేదు. పక్కనున్న నేను చెయ్యగలిగింది ఒకటుంది. అమ్మ పక్కన నిలబడి, "పద అమ్మా, మనం దూరం నుంచి చూద్దాం" అనటం. నేను ఆ నలుగురి పక్కన నిలబడ్డాను.

మర్నాడు పొద్దున ఆ పిల్ల తనంతట తానే ఇంకో జూనియర్ రేంజర్ పుస్తకం తెచ్చి నానమ్మ పక్కన కూర్చుంది. పెద్దవాళ్ళు కూడా చెయ్యొచ్చట. ప్రశ్నలన్నీ తెలుగులోకి చెప్పాలి మరి. టండ్రాని ఏమంటారో దానికి తెలియదు, నాకూ తెలియదు. "చెట్లుండని కొండ" అని రాసుకుంది. ఇద్దరూ కూర్చుని గంటన్నర తంటాలు పడ్డారు. నేను సాయం చేద్దామని లేచి, మళ్ళీ కూర్చున్నాను.

ఇంటికొచ్చాక వంటిల్లు అమ్మకి వదిలేశాం. రెండుసార్లు పొగ అలారం మోగింది. ఒకసారి పక్క వీధి దాకా నడిచివెళ్ళి, దారి తప్పి, ఎవరినో అడిగి తిరిగొచ్చింది. ఆ రోజు కనపడిన మనిషి ముందురోజు మనిషి కాదు. ఇప్పుడు ఎవరైనా ఫోన్ చేసి ఎస్టెస్ పార్కులో పిల్లలతో ఏం చెయ్యొచ్చని అడిగితే, ఆ జాబితా అంతా చెప్పి, చివర ఒకటి కలుపుతున్నాను: ఒక పూట ఏమీ చెయ్యకండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఆ పూట పిల్లల్ని వాళ్ళకి అప్పజెప్పి మీరు తప్పుకోండి.

కొలరాడో ఎండకి వడియాలు రెండ్రోజుల్లో గలగలలాడేట్టు ఎండుతాయని అమ్మ కనిపెట్టింది. ఓ ఆదివారం వెనక డెక్కు మీద పాత దుప్పటి పరిచి గుమ్మడి వడియాలు పెట్టింది. మా అమ్మాయి కాపలా. నేను కిటికీలోంచి చూస్తున్నాను. కంచె మీదనుంచి ఓ ఉడత దిగి, అటూ ఇటూ చూసి, ఒక వడియం నోట కరుచుకుని చెట్టెక్కేసింది. మా అమ్మాయి కంగారుగా నానమ్మ వంక చూసింది.

"ఏం ఫరవాలేదులే" అంది అమ్మ. "మనం పెట్టలేదుగా. అదే సంపాదించుకుంది."